ఒక చుక్క తేట

పిపెట్ కొసన వేలాడుతున్న చుక్క జారి సునంద ఎడమచేతి గ్లోవ్ మీద, బొటనవేలి మొదట్లో పడింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పడ్డచోట చల్లగా కూడా అనిపించలేదు.

"మేడమ్, గ్లోవ్ తీసెయ్యండి," అంది పక్కనే నిలబడి చూస్తున్న ఫర్హానా.

"ఈ తూకం ఒక్కటి అయిపోనీ."

"తర్వాత తూయొచ్చు. ముందు తీసెయ్యండి, ప్లీజ్."

సునంద నవ్వి, టిష్యూ కాగితంతో చుక్కను తుడిచేసి తూకం పూర్తిచేసింది. సీసాకు మూత బిగించి, ఆవిర్లను పీల్చేసే ఫ్యూమ్ హుడ్ అద్దం కిందికి దించి, అప్పుడు గ్లోవ్‌లు విప్పి పసుపు డబ్బాలో పడేసింది. చేతులు కడుక్కుంటూ ఉంటే ఫర్హానా వచ్చి ఆ ఎడమచేతిని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఎర్రదనం లేదు, పొక్కు లేదు.

లోపల రేకులాంటి పొరల గ్లోవ్, పైన మందపాటి రబ్బరు గ్లోవ్ వేసుకోకుండా ఆ సీసా ముట్టుకోకూడదని నియమం పెట్టించింది ఫర్హానాయే. ల్యాబ్‌లో జాగ్రత్తల బాధ్యత ఆమెది. కానీ ఆ రెండూ వేసుకుంటే వేళ్లకు పట్టు తెలియదు. సన్నని పిపెట్ పట్టుకోవడం కష్టం. అందుకని సునంద మామూలు నీలం గ్లోవ్‌లతోనే పని కానిచ్చేది.

"ప్రమాదాల రిజిస్టర్‌లో రాస్తాను మేడమ్."

"రాస్తే డైరెక్టర్ గారు ల్యాబ్ మూయించి విచారణ పెడతారు. మా ఊళ్లో ప్లాంట్ పెట్టేది వచ్చే నెలలోనే కదా. ఏమైనా తేడా వస్తే నేనే చెప్తాను, సరేనా?"

ఫర్హానా చేతిలోకి తీసుకున్న పెన్ను మళ్లీ జేబులో పెట్టేసుకుంది. ఆమె ఉద్యోగం పొడిగించే కాగితం మీద సంతకం పెట్టాల్సింది సునందే.

హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఆ ప్రభుత్వ పరిశోధనాశాలలో ఆ ద్రవానికి పొడుగాటి రసాయన నామం ఉంది. 'తేట' అని ముద్దుగా పిలవడం సునంద మొదలుపెట్టింది. ఫ్లోరైడ్ నిండిన బోరు నీళ్ల ట్యాంకులో కొద్దిగా తేట కలిపితే అది ఫ్లోరైడ్‌ను వెతికి పట్టుకుంటుంది. ఆ పైన పటిక వేస్తే రెండూ కలిసి తెల్లటి మడ్డిలా అడుగుకు దిగిపోతాయి. పైన నిలిచిన నీళ్లు చంటిపిల్లలకు కూడా పట్టొచ్చు. దానికోసం సునంద తన వయసంతా పెట్టింది.

నల్లగొండ జిల్లాలో ఎర్రబండగూడెం ఆమె ఊరు. అక్కడి బోరునీళ్లు తియ్యగానే ఉంటాయి. తాగినవాళ్ల పళ్లు ముందు గారపడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని కీళ్లు బిగుస్తాయి, వెన్ను వంగిపోతుంది. పైపునీళ్లు వచ్చాక కొత్తగా వంగేవాళ్లు తగ్గారు గాని, ఎండాకాలం పైపులు ఎండినప్పుడల్లా ఊరంతా మళ్లీ బోరు దగ్గరికే పోతుంది. తల్లి పోయాక సునందను పెంచింది అక్క అండాలు. చెల్లెలు ఈ నీళ్లు తాగకూడదని నల్లగొండ హాస్టల్‌లో చేర్పించి, తాను మాత్రం ఆ నీళ్లే తాగుతూ కూలికి పోయింది. సునందకు గారపళ్లు, సరిగా తిరగని మెడ మిగిలాయి. అండాలుకు పెళ్లయిన కొన్నాళ్లకే నడుం వంగడం మొదలైంది. మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడామె నడుం దగ్గర విరిచినట్టుగా వంగి, ముఖం నేలవైపు పెట్టుకుని చేతికర్రతో నడుస్తుంది.

చుక్క పడ్డ రోజు సాయంత్రం సునంద క్వార్టర్స్‌కు వచ్చేసరికి అండాలు నేల మీద పలక వేసి, దానిమీద పెట్టిన గ్యాస్ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది.

"ఏందే, అడుగులు తేలిగ్గ పడుతున్నయ్? ఏమన్న మంచి జరిగిందా?" అంది తల ఎత్తకుండానే. వచ్చిన మనిషిని ఆమె చెప్పుల చప్పుడుతోనే పోల్చుకునేది.

"ప్లాంట్‌కు ఆర్డర్ వచ్చింది అక్కా. మన ఊరితోనే మొదలు."

"నిజమేనా?" అండాలు ఒళ్లోంచి చిన్న అద్దం తీసి కొద్దిగా వాల్చింది. చెల్లెలు నవ్వుతుందో లేదో చూడాలంటే ఆమెకు అదే దారి. అద్దంలో నవ్వు కనపడ్డాక అద్దం పక్కన పెట్టి, రొట్టె తిప్పింది. "పోరగాండ్లకన్న నడుములు నిలవడతయ్. నాదంటే అయిపాయె."

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం సునంద కారును వెనక్కి తీస్తూ మామూలుగా అద్దంలోకి చూడబోయి, తలే తిప్పి చూసింది. ఆ సంగతి గేటు దాటాక గాని ఆమెకు తట్టలేదు. కారు పక్కకు ఆపి మళ్లీ తిప్పింది. కుడివైపు, ఎడమవైపు, పైకి. వేపచెట్టు కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనిపించింది. ఇరవై ఏళ్ల వయసు నుంచి మెడలో గడ్డకట్టినట్టుండే నొప్పి ఎక్కడా లేదు. భుజాలు కూడా తేలికగా ఉన్నాయి.

ఆమె వెంటనే ఎక్స్‌రే తీయించుకుంది. పాత ఫిల్మ్ పక్కన కొత్తది పెట్టి చూస్తే, మెడ ఎముకల చుట్టూ సున్నం పూసినట్టు పేరుకున్న తెల్లని మందం సగానికి తగ్గింది. ఆ ఒక్క చుక్కే. గ్లోవ్ దాటి, చర్మం దాటి, రక్తంలో పడి ఎముకల దాకా పోయింది. నీళ్లలో చేసే పనే ఒంట్లోనూ చేసింది. సునంద ఫిల్మ్‌లు రెండూ ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపంతా సంతోషమే.

ఫర్హానాకు ఆ చుక్క మనసులోంచి పోలేదు. ఎవరికీ చెప్పకుండా తనే రెండు పరీక్షలు చేసింది. ఒక మధ్యాహ్నం సునందను ఫ్యూమ్ హుడ్ దగ్గరికి పిలిచింది.

"నీలం గ్లోవ్ ముక్క పరిచి, దాని కింద రంగు మారే కాగితం పెట్టి, పైన చుక్క వేశాను. సింక్ దాకా వెళ్లి వచ్చేలోపు కాగితం రంగు మారిపోయింది. అంటే ఆ గ్లోవ్ ఉన్నా లేనట్టే."

"తెలుసు," అంది సునంద మెల్లగా.

ఫర్హానా ఆ మాట పట్టించుకోకుండా, రెండు జతల గ్లోవ్‌లు తొడుక్కున్న చేతులతో ఒక గాజుపాత్ర మూత తీసి, పటకారతో లోపలిది పైకెత్తింది. కోడికాలి ఎముక అది. పటకార కొసన ఉడికిన సేమియాలా వేలాడింది.

"తేట కలిపిన నీళ్లలో వేశాను. ముందు ఫ్లోరైడ్‌ను పట్టుకుంది. అదయ్యాక ఆగలేదు మేడమ్. ఎముకలో సున్నాన్ని లాగుతోంది. అది అయిపోయేదాకా లాగుతూనే ఉంది."

సునంద ఆ ఎముక వైపు చూసింది. "ఇది మూసిపెట్టిన పాత్ర ఫర్హానా. తేట ఎక్కడికీ పోలేదు, అందుకని అలా అయింది. మనిషి ఒంట్లో రక్తం తిరుగుతుంది, కిడ్నీలు ఉంటాయి. మూత్రంలో బయటికి పోతుంది."

"పోతుందని మీకెలా తెలుసు?"

సునంద తల వెనక్కి వాల్చి పైకప్పు వైపు చూసింది. తర్వాత ఎడమవైపు, కుడివైపు తిప్పింది. ఆమె మెడ అలా తిరగడం ఫర్హానా ఎన్నడూ చూడలేదు.

"ఎవరికైనా చెప్పారా?"

"ఇప్పుడే వద్దు. ఇంకొన్నాళ్లు చూద్దాం. ఇది నిజమైతే ఏమిటో ఆలోచించావా? వంగిపోయినవాళ్లు నిలబడతారు!"

"మీకు సంతోషంగా ఉంది మేడమ్. నాకు భయంగా ఉంది," అంది ఫర్హానా. ఆ ఎముకను మళ్లీ పాత్రలో వేసి మూత పెట్టింది.

ఇంట్లో అండాలుకు మెడ సంగతి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. తలకు నూనె రాస్తుంటే చెల్లెలి మెడ చేతికింద మెత్తగా కదిలింది. అండాలు వేళ్లు ఆగిపోయాయి.

"ఇదేందే? నీ మెడ తిరుగుతుంది!"

సునంద జరిగింది చెప్పింది. గ్లోవ్ మీద చుక్క పడ్డ సంగతి, ఎక్స్‌రే సంగతి చెప్పింది. కోడి ఎముక సంగతి చెప్పలేదు.

అండాలు నూనెగిన్నె పక్కకు జరిపింది. తర్వాత, "నాకు గూడ పొయ్యి," అంది.

"ఇంకా పరీక్షలు చేయాలి అక్కా."

"ఎన్నేండ్లు జేస్తరు పరీక్షలు? అంతదాక నేనుంటనా? నేను మనిషి మొఖం సక్కగ జూసి ఎన్నేండ్లయిందో తెలుసా నీకు? అందరి కాళ్లు జూసుకుంట బతుకుతున్న." ఆమె గొంతులో బతిమాలడం లేదు. కోపం ఉంది. "బోరునీళ్లు నీకు వద్దని నేను తాగిన. గీ చుక్క నీకు దొరికింది, నాకెందుకు దొరకద్దు?"

ఆ వారమంతా సునంద లెక్కలు వేసింది. తనకు పడ్డది ఎంత, లోపలికి ఇంకింది ఎంత, బయటికి పోవాల్సింది ఎంత. రాసిన ప్రతి లెక్కా ఇవ్వొచ్చనే చెప్పింది. అలా చెప్పే లెక్కలే తాను వేస్తున్నానని ఆమెకు లోలోపల తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం, స్టీలు టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టి తెచ్చిన చిన్న గాజుసీసాను ఆమె బల్లమీద పెట్టింది. కిటికీలు తెరిచింది. ఈసారి పొరల గ్లోవ్, రబ్బరు గ్లోవ్ రెండూ వేసుకుంది. అండాలు స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది.

"మంట పుడతదా?"

"పుట్టదు."

"దీంతోటి ఏమన్న అయితదా?"

సునంద పిపెట్‌ను వెలుతురుకు ఎత్తి చుక్క కొలిచింది. "కాదు అక్కా. నాకేమైంది? చూస్తున్నవు గద."

చుక్క అండాలు చేతి వెనక నరాల మధ్య పడి, నిమిషంలో ఇంకిపోయింది.

తర్వాతి రోజుల్లో ఆ ఇల్లు ఇల్లులా లేదు. మొదట అండాలు మోకాళ్లు వదులయ్యాయి. తర్వాత నడుం. పక్కమీద వెల్లకిలా పడుకోవడం ఆమెకు ముప్పై ఏళ్లలో మొదటిసారి. వెల్లకిలా పడుకుని ఫ్యాను తిరగడం చూస్తూ ఉండిపోయేది. గోడ పట్టుకుని కొంచెం కొంచెంగా లేచింది. ఒక రోజు సునంద ఆఫీసు నుంచి వచ్చేసరికి గ్యాస్ పొయ్యి గట్టు మీద ఉంది. దాని ముందు అక్క నిలబడి ఉంది. తనకంటే అక్క పొడుగని సునంద మరిచేపోయింది.

"నువ్వు తెల్లబడ్డవే," అంది అండాలు ఆమె ముఖంలోకి నేరుగా చూస్తూ. "జుట్టు గూడ నెరిసింది. అద్దంల గివన్ని కనపడలె నాకు."

ఆమె సిటీ బస్సెక్కి ఊరికే తిరిగొచ్చేది. కిటికీ పక్కన కూర్చుని ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు చూస్తే, వాళ్లు ఇబ్బందిపడి పక్కకు తిరిగేవాళ్లట. ఇంటికొచ్చి ఆ ముఖాల గురించి చెప్పేది. ఆ రోజుల్లో సునంద ల్యాబ్‌లోని పాత్రను, అందులో వేలాడిన ఎముకను దాదాపు మరిచిపోయింది.

ఎర్రబండగూడెం నుంచి వాళ్ల చిన్నాయన కొడుకు సైదులు చూడ్డానికి వచ్చాడు. తలుపు తీసిన అక్కను గుర్తుపట్టక, "అండాలక్క ఉందా?" అని ఆమెనే అడిగాడు. ఆమె పకపకా నవ్వింది. సైదులు అక్కడే గడపలో కూలబడి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. వాడి భార్య కూడా వంగిపోయినదే. ఊరికి పోయినవాడు నోరు కట్టేసుకోలేకపోయాడు.

సునంద మణికట్టు ల్యాబ్‌లో విరిగింది. నత్రజని సిలిండర్ మీటను రోజూ తిప్పినట్టే తిప్పింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు కూడా రాలేదు. చెయ్యి మాత్రం ఉండకూడని వైపుకు తిరిగిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్‌ను దీపానికి ఎత్తి పట్టుకుని, "మీ వయసెంతన్నారు?" అని రెండోసారి అడిగాడు. ఫిల్మ్ మీద ఎముకలు నీడల్లా పలచగా ఉన్నాయి.

ఫర్హానా అప్పటికే పక్కన ఉంది. డాక్టరు బయటికి వెళ్లాక సునంద అంది, "అక్కకి కూడా ఇచ్చాను."

ఫర్హానా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఎప్పుడు? నేను ఎముక చూపించాకా, ముందా?" అని అడిగింది.

"చూపించాక."

ఫర్హానా మొహం తిప్పుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆమె గొంతు మామూలుగానే, పనిలో ఉన్నట్టుగానే ఉంది. "నీళ్లలో మనం ఆఖరున పటిక వేస్తాం. అది తేటను పట్టుకుని అడుక్కి దించుతుంది. ఒంట్లో దాన్ని పట్టుకునేది ఏదీ లేదు. ఎముకలోంచి లాగినదాన్ని కిడ్నీ దగ్గర వదిలేసి, ఖాళీగా మళ్లీ ఎముక దగ్గరికి వస్తోంది. అరగడం లేదు మేడమ్. మీ కిడ్నీలు మంచివి కాబట్టి కొంచెం కొంచెంగా బయటికి పోతోంది. రక్తం శుభ్రం చేసే మెషీన్ మీద పెడితే మిగిలిందీ పోవచ్చు." అప్పుడు సునంద వైపు తిరిగింది. "అక్క కిడ్నీలు ఎలా ఉన్నాయి?"

ముప్పై ఏళ్లు ఆ నీళ్లు తాగిన మనిషి కిడ్నీలు ఎలా ఉంటాయో ఇద్దరికీ తెలుసు.

కట్టు కట్టిన చేత్తో సునంద ఇంటికొచ్చినప్పుడు అండాలు కంగారుపడి ఎదురొచ్చింది. సునంద ఆమెను మంచం మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఈసారి కోడి ఎముకతో సహా.

అండాలు విన్నంతసేపూ చెల్లెలి కళ్లలోకే చూసింది.

"ఆ కోడిబొక్క సంగతి నీకు ముందుగాలనే తెలుసా?"

"తెలుసు అక్కా."

"నేనడిగిన గదనే. ఏమన్న అయితదా అని నిన్ను అడిగిన. నోరు తెరిసి అడిగిన."

"నువ్వు నిలబడితే చూడాలనుకున్న."

"నువ్వు జూడాలని! నాకు జెప్తే నేను వద్దందునా, కావాలందునా, అది నాకెరుక. చెప్పకపోతివి. సదువుకోనిదానికి ఏం తెలుస్తదనుకున్నవ్."

"అట్ల కాదు అక్కా..."

"పో ఈన్నుంచి."

ఆ తర్వాత చాలా రోజులు అండాలు చెల్లెలితో మాట్లాడలేదు. పెట్టింది తినేది. ఆసుపత్రికి రమ్మంటే వచ్చేది. అడిగినదానికి ఫర్హానాకే జవాబు చెప్పేది.

సునంద మర్నాడే డైరెక్టర్ గదికి వెళ్లి జరిగినదంతా రాసిచ్చింది. విచారణ సంఘం కూర్చుంది. "చుక్క పడ్డ రోజున రిజిస్టర్‌లో ఎందుకు రాయలేదు?" అని వాళ్లు ఫర్హానాను అడిగారు. "నేనే వద్దన్నాను," అంది సునంద. "ఆవిడ వద్దన్నా నేను రాయాల్సింది," అంది ఫర్హానా. తేట సీసాలన్నీ ఉక్కు పెట్టెలో పెట్టి సీలు వేశారు. ఎర్రబండగూడెంలో పునాది తీసిన ప్లాంట్ పని ఆపేశారు. పటికతో దింపేసిన నీళ్లలో ఏ ప్రమాదమూ లేదని సునంద ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆమె మాట నమ్మడానికి అక్కడ ఎవరికీ కారణం మిగల్లేదు.

మెషీన్ సునంద రక్తాన్ని శుభ్రం చేసింది. ఎముకలు పలచబడ్డవి పలచబడ్డట్టే ఉన్నా, ఇంకా పలచబడడం ఆగింది. అండాలుకు మెషీన్ పనిచేయలేదు. ఆమె ఎముకల్లో లోతుగా దిగిన తేట కొద్దికొద్దిగానే రక్తంలోకి వస్తోంది; మెషీన్ తీయగలిగేది ఆ కొంచెమే. మంచం దిగుతుంటే ఒకనాడు తుంటి దిగబడిపోయింది. నొప్పి పెద్దగా లేదు. తర్వాత ఆమె లేవలేదు. వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తూ ఉండేది.

అప్పుడే ఊరివాళ్లు వచ్చారు. సైదులు వద్దని ఎంత చెప్పినా ఆగక, ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చి క్వార్టర్స్ గేటు దగ్గర దిగారు. కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు, నడివయసు ఆడవాళ్లు, సగం వంగిన నడుంతోనే దొడ్డికాళ్ల చిన్నపిల్లను చంకనెత్తుకున్న ఒక తల్లి. వాచ్‌మన్ ఆపితే, "మా ఊరి డాక్టరమ్మ," అని నేలమీదే కూర్చున్నారు. సునంద బయటికి వెళ్లి, మందు లేదని, అది మందు కాదని చెప్పింది. వాళ్లు నమ్మలేదు.

"మీ అక్కకైతే ఇస్తివి గదమ్మా," అంది ఒక ముసలామె, నేలను చూస్తూనే.

సునంద లోపలికొచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పుడు అండాలు ఆమెతో మాట్లాడింది.

"లోపలికి రమ్మను. నన్ను జూడమను."

వాళ్లు మంచం చుట్టూ చేరారు. వంగినవాళ్లకు మంచం మీది మనిషి ముఖం సులభంగానే కనిపించింది. అండాలు దుప్పటి తీయించింది. తన ఎడమ ముంజేతిని కుడిచేత్తో పట్టుకుని మెల్లగా వంచింది. మోచేతికీ మణికట్టుకూ మధ్య అది తడిపిన వెదురు దబ్బలా వంగింది. చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిలవడ్డ. నిజమే, మంచిగ నిలవడ్డ. నాలుగు నెలలు బస్సులల్ల తిరిగిన," అంది అండాలు. "ఇగో, ఇప్పుడిట్లున్న. మా చెల్లె మిమ్ముల మోసం జేస్తలేదు. లేదంటే లేదనే. ఇంటికి వోండి."

పిల్లను ఎత్తుకున్న తల్లి కదల్లేదు. "నొప్పి పోయిందా అక్కా?" అని అడిగింది.

"పోయింది."

"అయితే నాకు ఇయ్యమను. పిల్లకొద్దు, నాకు. నాలుగు నెలలు నిలవడ్డా చాలు, దీన్ని బడికి ఎత్తుకపోత."

అండాలు ఆమెను దగ్గరికి రమ్మని, పిల్ల కాలు ముట్టుకుని చూసింది. "నాలుగు నెలలైనంక దీనికెవరున్నరే?" అంది. ఆ తల్లి పిల్లను గట్టిగా పట్టుకుని ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. తక్కినవాళ్లు ఒక్కొక్కరే ఆమె వెనక నడిచారు.

వాళ్లు వెళ్లాక సునంద మంచం పక్కన నేలమీద కూర్చుంది. అండాలు చెయ్యి ఆమె తలమీదికి వచ్చింది. బరువే లేదు ఆ చేతికి.

"నీ మీద కోపం పోలే నాకు," అంది అండాలు. "పోతదని అనుకోకు."

"అనుకోను అక్కా."

"అన్నం పెట్టు. ఆకలయితుంది."

చలికాలం మొదట్లో ఆమెకు ఊపిరి ఆడడం కష్టమైంది. పక్కటెముకలు గాలిని మోయలేకపోయాయి. ఆసుపత్రిలో గొట్టం పెడతామంటే వద్దని చేత్తో సైగ చేసింది. ఆఖరి రెండు రోజులు ఫర్హానా, సునంద చెరో పక్కన కూర్చున్నారు. ఆమె ఒకసారి కళ్లు తెరిచి ఫర్హానా ముఖాన్నీ, తర్వాత సునంద ముఖాన్నీ తేరిపార చూసింది.

ఊరికి తీసుకుపోవాలని సైదులు అన్నాడు. ఎర్రబండగూడెం శ్మశానంలో వాడే తలకొరివి పెట్టాడు. పాడె మోసినవాళ్లు చిన్నపిల్లను మోసినట్టుందని తమలో తాము అనుకున్నారు.

మూడో రోజు పొద్దున బొక్కలు ఏరడానికి సైదులు, సునంద, ఇద్దరు ముగ్గురు బంధువులు వెళ్లారు. సునంద చేతికి ఇంకా కట్టు ఉంది. కాటికాపరి పాలూ నీళ్లూ చల్లి, కర్రతో బూడిదను కాళ్ల వైపు నుంచి మెల్లగా కెలికాడు. నడుం దగ్గర కెలికాడు. తల దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఏం లెవ్వే," అన్నాడు ఆశ్చర్యంగా. "ఎంత కాలినా పుర్రె ముక్కన్న ఉంటది. ఇసొంటిది నేనెన్నడు సూడలె."

సైదులు మోకాళ్ల మీద కూర్చుని చేతులతో వెతికాడు. మెత్తటి తెల్లని బూడిద వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. గవ్వంత ముక్క కూడా చేతికి తగల్లేదు. వాడు వెతుకుతూనే ఉన్నాడు. బూడిదంతా జల్లెడ పట్టినట్టు వెతికి, చేతులు ముఖం దాకా తెల్లగా అయి, తలెత్తాడు.

"ఒక్కటన్న ఉండాలె గదక్కా. ఒక్కటి గూడ లేకుంట ఎట్ల పోతయ్?"

"వెతకకు సైదులూ," అంది సునంద. "నేనే తీసిన. అన్నీ తీసిన."

సైదులు ఆమె వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, రెండు చేతులా బూడిద ఎత్తి కొత్త ముంతలో పోయడం మొదలుపెట్టాడు.